వాన పడుతుంటే మాంచెస్టర్ ప్రైడ్‌కి వెళ్ళడం దండగేనా?

మీరు అడిగింది ఇదీ: ఆగస్టు చివర్లో నలుగురు ఫ్రెండ్స్ కలిసి మాంచెస్టర్ ప్రైడ్‌కి, అంటే గేలు, లెస్బియన్‌లు, ట్రాన్స్ వాళ్ళు ఊరేగింపుతో జరుపుకునే పండుగకి, వెళ్దామనుకున్నారు. ఫోన్లో చూస్తే శనివారం పొద్దున్నుంచి రాత్రిదాకా వాన బొమ్మే. పైగా మీలో ఒకరు గే అన్న సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్. వెళ్ళాలా, మానాలా?

వెళ్ళండి. వాన తగ్గాక వెళ్దామనుకుంటే మాంచెస్టర్‌లో మీ మాస్టర్స్ అయిపోతుంది కానీ వాన తగ్గదు.

నేను అక్కడ చదివేటప్పుడు ఐదుగురం వెళ్ళాం. నాది గుంటూరు. ఒక నెల్లూరు అమ్మాయి, ఇద్దరు విజయవాడ కుర్రాళ్ళు, ఒక వరంగల్ అబ్బాయి. మాలో గే అయినవాడు వరంగల్ వాడొక్కడే. ఆ మాట మా నలుగురికి తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. వారం ముందు నుంచీ రమ్మంటుంటే రానన్నాడు. బర్మింగ్‌హామ్‌లో వాళ్ళ చిన్నాయన కొడుకు ఉంటాడు, ఎవరి ఫోటోలోనైనా పడితే అక్కణ్ణుంచి వరంగల్‌కి ఎంతసేపు? హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ వాక్ జరుగుతోంది కదా, బీటెక్ రోజుల్లో ఒకసారి అక్కడిదాకా వెళ్ళి, రోడ్డుకి అవతల నిలబడి ఎవరికోసమో చూస్తున్నట్టు నటించి వెనక్కి వచ్చేశాడట.

శుక్రవారం రాత్రి మేం వంటింట్లో కూర్చుని వాన పడకూడదని మొక్కుకుంటున్నాం. వాడు వచ్చి ఫ్రిజ్ తెరిచి, అందులోకి చూస్తూనే అన్నాడు: "రేపు వాన వడ్తె నేను గూడ వస్త."

"అదేం షరతురా?"

"ఛత్రి కింద ఎవడు గుర్తువడ్తడు?"

అప్పటిదాకా వానంటే ప్రోగ్రాం చెడగొట్టేదనే అనుకున్నాను. మీ స్నేహితుడికీ ఇదే చెప్పండి. తడి వాతావరణంలో సగం జనం హుడ్డీల్లో, రెయిన్‌కోట్ టోపీల్లో ఉంటారు. మొహం కప్పుకున్నవాణ్ణి వింతగా చూసేవాళ్ళు ఉండరు.

పెరేడ్ శనివారం మధ్యాహ్నం. డీన్స్‌గేట్ పక్కన నిలబడి చూడడానికి టికెట్ అక్కర్లేదు. మేం గంట ముందే వెళ్ళి ముందు వరుస పట్టాం. నిజానికి అక్కడ గొడుగు వేసుకోకూడదు, వెనకవాళ్ళకి ఏమీ కనబడదు, ఊచలు కళ్ళలో గుచ్చుకుంటాయి. కానీ మావాడికి గొడుగే ప్రాణం. నల్లటి పెద్ద గొడుగు, కనుబొమల దాకా దించి పట్టుకున్నాడు. వెనకాల ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్భై దాటి ఉంటాయి. తిడతాడేమో అనుకున్నాను. ఆయన కాస్త పక్కకి జరిగి, "ఉంచుకో నాయనా, నేను ఇటునుంచి చూస్తాలే" అన్నాడు. తర్వాత మాటల్లో తెలిసింది, ఆయన 1988 ఫిబ్రవరిలో ఇదే ఊళ్ళో సెక్షన్ 28కి వ్యతిరేకంగా నడిచిన ఇరవై వేల మందిలో ఒకడట. స్వలింగ సంబంధాలను ప్రోత్సహించేలా స్థానిక సంస్థలు ఏమీ చేయకూడదని తెచ్చిన చట్టం అది. దాని భయానికి బళ్ళలో టీచర్లు ఆ ఊసే ఎత్తేవాళ్ళు కాదు. ఇంగ్లండ్‌లో అది పోవడానికి 2003 దాకా పట్టింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన మన ఐపీసీ సెక్షన్ 377 గురించి ఆయనకి నేను చెప్పాను, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలను నేరం నుంచి తప్పించిందని. "అయితే మీరు మాకంటే చిన్నవాళ్ళు" అన్నాడు. వయసు గురించో, దేశం గురించో అడగలేదు నేను.

పెరేడ్‌లో ఆస్పత్రి నర్సులు, ఫైర్ ఇంజన్, చర్చి వాళ్ళు, సూపర్ మార్కెట్ ఉద్యోగులు, అందరూ ఉంటారు. కంపెనీల బళ్ళు మరీ ఎక్కువని నా అభిప్రాయం, వాటి దగ్గర మీరు చాయ్ తాగి రావచ్చు. నేను మర్చిపోలేనిది ఢోల్ బృందం. మన దేశం వాళ్ళు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు కలిసి ఉన్నారు. ఢోళ్ళకి ప్లాస్టిక్ సంచులు కప్పారు గానీ తోలు అప్పటికే నానిపోయింది. ఖణేలుమనాల్సింది బద్ బద్‌మని తడిసిన పరుపు మీద కొట్టినట్టు మోగుతోంది. అయినా ఆపరే. వరంగల్ వాడు ఉన్నట్టుండి, "అరే, మా ఊర్ల డప్పులయితె ఈపాటికి నాలుగుసార్లు మంటకు గాస్తుండె" అని అరిచాడు. తెలుగులో అరిస్తే వాళ్ళకేం అర్థమవుతుంది! చేత్తో కాచినట్టు చూపించాడు. అలా చూపించడానికి రెండు చేతులూ కావాలి కదా, గొడుగు విజయవాడ వాడి చేతిలో పెట్టేశాడు. బృందంలో ఒకామె నవ్వి ఢోల్ కర్రని వాడివైపు ఊపింది. అంతే. వాడు మళ్ళీ గొడుగు అడగలేదు. మేమూ గుర్తు చేయలేదు.

కాసేపటికి కుండపోత. సెంట్రల్ లైబ్రరీ స్తంభాల కిందకి పరిగెత్తి నిలబడ్డాం. అక్కడే ఆ రోజంతటికీ ఒకే ఒక్క గొడవ జరిగింది. నెల్లూరమ్మాయి గ్రూప్ ఫోటో తీసి, మామూలుగానే, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది. వెనక ఇంద్రధనుస్సు జెండా, మధ్యలో వీడు. వాడి మొహం తెల్లబడిపోయింది. ఆమె వెంటనే తీసేసింది, అప్పటికి ముగ్గురు చూసేశారు. ముగ్గురూ ఆమె కాలేజీ వాళ్ళే, పరవాలేదు. కానీ ఆ అమ్మాయి అరగంటసేపు ఏడుస్తూనే ఉంది, చివరికి వాడే ఆమెను ఊరుకోబెట్టాల్సి వచ్చింది. అందుకని, బయల్దేరే ముందే మాట్లాడుకోండి: ఎవరి ఫోటో ఎవరి ఫోన్లో, ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ వద్దు. రెయిన్‌కోట్ మర్చిపోతే అక్కడ కొనుక్కోవచ్చు, ఇది మర్చిపోతే కొనుక్కోలేరు. పక్కవాళ్ళ ఫోటోలు కూడా అడక్కుండా తీయకండి.

తర్వాత సాక్‌విల్ గార్డెన్స్ అనే పార్కుకి వెళ్ళాం, గే బార్లుండే కాలువ పక్క వీధి కెనాల్ స్ట్రీట్‌ని ఆనుకునే ఉంటుంది. అక్కడ బెంచీ మీద ఆపిల్ పట్టుకుని కూర్చున్న అలాన్ ట్యూరింగ్ కంచు బొమ్మ ఉంది, కంప్యూటర్ సైన్స్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకడు ఆయన, ఒళ్ళో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. మావాడిది కంప్యూటర్ సైన్స్, ఆయన పేరు వినని సెమిస్టర్ లేదు. మగవాడితో సంబంధం ఉందని 1952లో ఆయనకి శిక్ష వేసి హార్మోన్లు ఎక్కించారనీ, రెండేళ్ళకే నలభై ఒక్క ఏళ్ళ వయసులో పోయాడనీ, ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చేసరికి 2013 వచ్చిందనీ ఏ సెమిస్టర్‌లోనూ చెప్పలేదట. యాభై పౌండ్ల నోటు మీద ఇప్పుడు ఆయన బొమ్మే. వాడు తడి బెంచీ మీద ఆయన పక్కన పది నిమిషాలు కూర్చున్నాడు. మేం దూరంగా నిలబడి చిప్స్ తిన్నాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కాలువ పక్క రాళ్ళు తడిస్తే జారతాయి, గట్టి బూట్లు వేసుకోండి. సాక్సులు రెండో జత సంచిలో పెట్టుకోండి. ఫోన్‌కి జిప్ కవర్. మొహానికి రంగులు దండగ, పావుగంటలో గడ్డం మీదకి వస్తాయి. రోడ్లు మూసేస్తారు కాబట్టి బస్సు దారి మారుతుంది, రష్‌హోమ్‌లో బిర్యానీ తిందామనుకుంటే నడకే. టికెట్ ఉన్న పార్టీకి మేం డబ్బు పోసి వెళ్ళాం, గంటన్నర క్యూలో తడిసి నలభై నిమిషాలు ఉన్నాం, నాకైతే నచ్చలేదు. దానికంటే సోమవారం రాత్రి హెచ్ఐవీతో పోయినవాళ్ళ కోసం అదే పార్కులో కొవ్వొత్తులు వెలిగిస్తారు, అది వదలకండి. ఇంకొకటి, ఏళ్ళ తరబడి ఈ పండుగ నడిపిన సంస్థ 2025 అక్టోబర్‌లో మూతపడే దశకి వచ్చింది. కాబట్టి ఏ టికెట్ అయినా కొనేముందు ఈసారి ఎవరు నడుపుతున్నారో, ఏ రోజు ఏముందో చూసుకుని కొనండి.

అన్నట్టు, చవక జెండాలు కొని భుజాన కప్పుకోవద్దు. మావాడు సాయంత్రానికి ధైర్యం వచ్చి ఒకటి కప్పుకున్నాడు. ఇంటికొచ్చేసరికి తెల్ల చొక్కా నిండా ఊదా, ఎరుపు చారలు. వాళ్ళమ్మ రోజూ అదే వేళకి వీడియో కాల్ చేస్తుంది, చొక్కా మార్చుకునే లోపే ఎత్తేశాడు.

"అంగికి ఏందిరా గా రంగు?"

"హోలీ ఆడినమమ్మా."

"ఆగస్టుల హోలీ ఏందిరా?"

"ఈడ వానల్నే ఆడ్తరు."

మేం నలుగురం కెమెరాకి ఆనకుండా గోడకి అతుక్కుపోయాం. ఆమె కాసేపు ఏమీ అనకుండా చూసింది. తర్వాత, "మంచిది. తల తుడుసుకో బిడ్డా, సర్ది అయితది" అంది.