విండోస్ మార్చబోతున్న బిడ్డకు

బిడ్డా,

షాపు కంప్యూటర్‌కు విండోస్ 11 నువ్వే ఎక్కిస్తానన్నావని నిన్న మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. సంతోషమైంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది, మార్చాల్సిందే.

సి డ్రైవ్‌లో జాగా చేసుకో. ప్రింటర్ వైరు, పెన్ డ్రైవ్‌లు పీకేయ్. ఈ కంప్యూటర్ పనికిరాదని చూపిస్తే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ ఆఫ్‌లో ఉందేమో చూడు. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటారు. బయోస్‌ను ముట్టుకునే ముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో.

2014 ఎండాకాలం. ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీ సపోర్ట్ ఆగింది. హన్మకొండ చౌరస్తా దగ్గర మన పాత షాపు, పెండ్లిళ్ల సీజన్. ఎక్స్‌పీ నుంచి విండోస్ 7కు నేరుగా అప్‌గ్రేడ్ లేదు, కొత్తగా వేయాలి. ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయన్న ధీమాతో సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టాను. ఆ వారం చేసిన పెండ్లి పత్రికలు డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనే అని ఆ క్షణం తట్టలేదు.

పొద్దున డి డ్రైవ్‌లోని పాత ఫైల్ తెరిస్తే, ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, చుక్కలు. మనం తెలుగు టైప్ చేసే అను ఫాంట్లు యూనికోడ్ కావు కదా, అంటే ఆ ఫాంట్ ఉంటేనే తెలుగు కనిపిస్తుంది; ఫాంట్ పోతే తెలుగే పోయింది. పరకాల నుంచి వచ్చిన పెండ్లికూతురు తండ్రి కౌంటర్ ముందు టవల్‌తో చెమట తుడుచుకుంటూ, ‘రేపటి నుంచి పంచాలె సార్’ అన్నాడు. ఆయన దగ్గర ప్రూఫ్ కాగితం ఉండబట్టి సరిపోయింది. నేనూ మీ పెద్దమ్మా ఇంకో షాపులో రాత్రి రెండింటిదాకా కూర్చుని మళ్లీ టైప్ చేశాం. ముహూర్తం వేళ తప్పు పడిందేమోనని ఆయన వేలు పెట్టి మూడుసార్లు చదివాడు. పైసలు తీసుకోలేకపోయాను. ఆ వేలు ఇప్పటికీ కళ్ల ముందుంది.

ఈసారి ఫైళ్లు అలాగే ఉంటాయని స్క్రీన్ మీద రాసి ఉంటుంది. అయినా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫాంట్స్ ఫోల్డర్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యి. చేసి ఊరుకోకు, ఇంకో కంప్యూటర్‌లో ఒక పత్రిక తెరిచి తెలుగు చదువు. ‘చేశాలే పెద్దబాపూ’ అని నాతో అనొద్దు. చిన్నప్పుడు హోంవర్క్‌కూ ఇదే మాట చెప్పి, ప్రింటర్ పక్కన స్టూల్ మీద కూర్చుని వచ్చే కాగితాలు అందుకునేదానివి.

నాకు అసలు టెన్షన్ కరెంటు. యూపీఎస్ బ్యాటరీ పాతబడింది, కొత్తది వేయించు, పైసలు నేనిస్తా. శాతం ఒకచోట ఆగిందని పవర్ బటన్ నొక్కకు. డిస్క్ లైటు మినుకుమంటుంటే పని జరుగుతున్నట్టే. అయ్యాక మనం పత్రికలు చేసే పేజ్‌మేకర్ తెరుచుకోకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి వెనక్కి పోవచ్చు. అందాకా పాత విండోస్ ఫైళ్లు తుడిచేయకు.

ఆదివారం జమ్మికుంటలో మొదటి బస్సెక్కుతా. పని నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటా. అన్నం తిన్నాకే మొదలుపెట్టు.

మీ పెద్దబాపు