గోదావరి లంకలో (నది మధ్య ఊళ్ళో) మా అమ్మగారు ఒక్కరే ఉన్నారు, వరద రెండో హెచ్చరిక దాకా ఆగొచ్చా అని మీరడిగినదానికి సమాధానం

ఆగకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారండి, కానీ మన లంకల్లో చాలా కాజ్‌వేలు (ఏటి పాయల మీది తక్కువ ఎత్తు దారులు) రెండోది రాకముందే మునిగిపోతాయి, ఆ తర్వాత పడవే దిక్కు. అందుకే నేను ధవళేశ్వరం కాదు, ముందు ఎగువనున్న భద్రాచలం నీటిమట్టం చూస్తా, అక్కడ 43 అడుగులు దాటి ఇంకా పెరుగుతోందంటే ఆ నీళ్ళు మన దాకా రావడానికి సుమారు ఒక రోజు టైం ఉంటుంది, అమ్మగార్ని ఏటిగట్టు మీదకి తెచ్చేయాల్సింది ఆ రోజులోనే.

పంచాయతీ ఏం చేస్తుందన్నారు కదా. టముకు వేయించడం, పునరావాస కేంద్రం తెరవడం, పడవలు పెట్టడం అంతా తహసీల్దార్ ఆఫీసు, గ్రామ సచివాలయం వాళ్ళు కలిసి చూసుకుంటారు. కానీ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ పేర్లు వాళ్ళ దగ్గర ముందే ఉండాలండి, కాబట్టి ఇప్పుడే వీఆర్వోకి (గ్రామ రెవెన్యూ అధికారికి) ఫోన్ చేసి అమ్మగారి పేరు, బీపీ మందుల సంగతి రాయించండి, మీ ఊరికి ఏ స్కూలు కేంద్రమో కూడా అడగండి. ఎవరూ ఎత్తకపోతే విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070కి చేయండి.

2022 జులై వరదల్లో మా పిన్ని గేదెని వదిలి రానని అరుగు మీదే కూర్చుంది, నీళ్ళు రెండో మెట్టుకొచ్చాక గానీ లేవలేదు. పశువు ఉంటే దాన్ని ముందు గట్టుకి తోలించండి, అప్పుడు అమ్మగారు కూడా కదుల్తారు. ఆధార్, పాస్‌బుక్ కవర్లో చుట్టి ఆవిడ చేతికే ఇప్పించండి.