మోటార్లన్నీ ఒకేసారి లేస్తే

శ్రావణీ,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, లండన్‌లో ఇళ్ల బ్యాటరీలూ కార్ల ఛార్జర్లూ పోగేసి కరెంటు వాళ్లకు ఫ్లెక్సిబిలిటీ అమ్మే కంపెనీలో చేరుతున్నావని అక్క చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత కరెంటు పని పట్టుకున్నది నువ్వేనని వీధంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆఫర్ కాగితాలు రెండుసార్లు చదువు. స్వెట్టర్లు ఇక్కడ కొనకు, ఆ చలికి ఆగవు.

సాయంత్రం లోడ్ పెరిగే చోట కొత్త కేబుల్ వేసే బదులు, ఆ కాసేపు వాడకం తగ్గించమని అక్కడ ఇళ్లకు కరెంటు లైన్లు నడిపే యూకే పవర్ నెట్‌వర్క్స్ లాంటి వాళ్లు డబ్బిస్తారు, ఫ్లెక్సిబిలిటీ అంటే అంతేగా? 2022-23 చలికాలంలో అక్కడి గ్రిడ్ ఆపరేటర్ పెట్టిన ఇలాంటి స్కీంలో 16 లక్షల ఇళ్లూ వ్యాపారాలూ చేరాయట. తగ్గించడం సరే, ఆ గంట అయిపోయాక ఏమవుతుందనేదే నా టెన్షన్.

ఆటో స్టార్టర్ నువ్వు చూసుండవు. మోటారు స్టార్టర్ పక్కన బిగించే చిన్న డబ్బా. అప్పట్లో పొలాలకు కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చేది. చీకట్లో గట్ల మీద పాములు, తడి చేత్తో ముట్టుకుంటే షాకు. అందుకని రైతు ఆ డబ్బా పెట్టుకుని ఇంట్లో పడుకునేవాడు, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేచేది. తప్పు పట్టగలమా? కానీ ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ అదే చేస్తే, ఫీడర్‌లోకి, అంటే పొలాల లైన్లోకి, కరెంటు వదిలిన క్షణానే మోటార్లన్నీ లేచి ఒక్కోటీ మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగేది. ఫ్యూజు పోయేది. దాని బదులు లావు తీగ చుట్టేవాళ్లు, ఈసారి ట్రాన్స్‌ఫార్మరే పోయేది. మాడిన ఆయిల్ కంపు, ట్రాక్టరెక్కించి రిపేరు షెడ్డుకి తీసుకెళ్లడానికి చందాలు, ఈలోగా ఎండుతున్న మడి, తిట్లన్నీ మా లైన్‌మన్‌కి. తెలంగాణలో 2018 జనవరి 1న సేద్యానికి 24 గంటల కరెంటు మొదలయ్యే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతుల వెంటపడింది (రోజంతా మోటార్లు ఆడి బోర్లు ఎండుతాయన్న భయం కూడా ఉందనుకో).

మీ కార్లూ అంతే. చవక రేటు మొదలయ్యే నిమిషానికి వీధి వీధంతా ఛార్జింగ్ మొదలెడితే? అందుకే బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి ఛార్జర్లకు రూలు పెట్టారు: అన్నీ ఒకేసారి లేవకుండా, ఒక్కోటీ 10 నిమిషాల లోపు ఏదో ఒక ఆలస్యంతో మొదలవ్వాలి. యజమాని వద్దనుకుంటే అప్పటికప్పుడు రద్దు చేసుకోవచ్చు. బ్యాటరీలకు మాత్రం ఆ ఆలస్యం నీ ప్రోగ్రాంలో నువ్వే రాయాలి. ‘టెస్టులో బాగానే ఉందిగా’ అని మేనేజర్ అంటే తలూపకు, టెస్టులో పదో ఇరవయ్యో ఇళ్లుంటాయి.

చేరగానే ఎవర్నైనా బతిమాలి ఒక సబ్‌స్టేషన్ చూసిరా. స్క్రీన్ మీద గీతలు చూసి లోడ్ తెలుసనుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నిన్ననడం లేదులే, నా సైకిల్ మీద సబ్‌స్టేషన్‌కొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతోంది జ్వరమా అని అడిగినదానివి.

ఇంకోటి. తగ్గించినందుకు డబ్బివ్వాలంటే, తగ్గించకపోతే ఎంత వాడేవారో తెలియాలి. మామూలు రోజుల వాడకం చూసి లెక్కకడతారట. మరి ఆ రోజుల్లో కావాలనే హీటర్లు ఎక్కువ వేసుకుంటే? మన ఊళ్లో అయితే మొదటి వారంలోనే కనిపెట్టేస్తారు. మీ వాళ్లు దాన్నెలా పట్టుకుంటారో కనుక్కుని రాయి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పంపకు, వివరంగా రాయి.

మామయ్య