కుర్చీలు మారే జపాన్‌లో యెన్ల పొదుపు: ఉంచాలా, పంపాలా?

ప్రశ్న: 2019లో ఉద్యోగరీత్యా టోక్యో వచ్చాను. అప్పటి నుంచి అయిదుగురు ప్రధానమంత్రులను చూశాను. బ్యాంకులో 80 లక్షల యెన్లు ఉన్నాయి. విజయవాడలో కొన్న ఫ్లాటు మీద ఇంకా 38 లక్షల రూపాయల గృహరుణం ఉంది, వడ్డీ 8.4 శాతం, మారే రేటు. ఈఎంఐ 42 వేలు. పాపకు ఏడేళ్లు. నాలుగేళ్లలో తిరిగి వచ్చేయాలని ఉంది. కొత్త ప్రధాని వచ్చారు కాబట్టి మళ్లీ అబెనామిక్స్ (మాజీ ప్రధాని షింజో అబె ఆర్థిక విధానం) రోజులు వస్తాయని, సొమ్మంతా జపాన్ షేర్లలో పెట్టమని మిత్రులు అంటున్నారు. ఏడాదికో ప్రధాని మారే దేశంలో డబ్బు ఉంచవద్దని మా మామగారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ మామగారి భయానికీ మిత్రుల ఉత్సాహానికీ మూలం ఒకటే. ప్రధాని కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టే మీ యెన్ల భవిష్యత్తు ఉంటుందని ఇద్దరూ నమ్ముతున్నారు. జపాన్ అనుభవం ఇద్దరినీ సమర్థించదు.

2006 సెప్టెంబరు నుంచి 2012 డిసెంబరు వరకు అబె, ఫుకుదా, అసో, హతోయామా, కాన్, నోడా వరుసగా ఆరుగురు ప్రధానులు వచ్చి వెళ్లారు. ఒక్కొక్కరు ఏడాది అటూ ఇటూగా ఉన్నారు. ఆ కాలంలో ఆర్థిక వ్యవస్థ కోలుకోలేదన్నది నిజమే. కానీ అదే కాలంలో యెన్ బలపడుతూ వచ్చి, 2011 అక్టోబరులో డాలరుకు సుమారు 75 యెన్ల స్థాయికి చేరింది. అంటే ప్రభుత్వాలు నిలవని రోజుల్లోనే, జపాన్‌లో సంపాదించి ఇంటికి పంపినవారికి చేతినిండా రూపాయలు వచ్చాయి. 2012 డిసెంబరులో షింజో అబె తిరిగి వచ్చి దాదాపు ఎనిమిదేళ్లు పదవిలో ఉన్నారు. 2013లో కేంద్ర బ్యాంకు పగ్గాలు చేపట్టిన హరుహికో కురోడా మార్కెట్లోకి భారీగా డబ్బు వదిలారు. ఆ ఒక్క సంవత్సరంలోనే జపాన్ షేర్ల సూచీ నిక్కీ 57 శాతం పెరిగింది. 2015 నాటికి డాలరు 120 యెన్లు దాటింది. షేర్లు కొన్నవారు లాభపడ్డారు, జీతం దాచుకుని ఇంటికి పంపుకునేవారు నష్టపోయారు. మీ మిత్రులు కోరుకుంటున్న పునరుజ్జీవనానికి మూల్యం చెల్లించినది చాలావరకు యెన్ విలువే. మీ జీతమూ పొదుపూ ఆ యెన్లలోనే ఉన్నాయన్న సంగతి వారు మరచిపోయినట్లున్నారు.

రాజకీయాలు మార్కెట్‌ను కదిలించవని నేను అనడం లేదు. 2024 సెప్టెంబరు చివర షిగెరు ఇషిబా పాలక పార్టీ అధ్యక్షుడిగా, అంటే కాబోయే ప్రధానిగా, ఎన్నికైన తరువాత తొలి ట్రేడింగు రోజున నిక్కీ 4.8 శాతం పడింది. 2025 అక్టోబరులో సనాయె తకాయిచి అదే పదవికి గెలిచిన తరువాత తొలి రోజున దాదాపు అంతే పెరిగింది. అయితే 2024 ఆగస్టు 5న ఒక్కరోజులో 12.4 శాతం కూలిపోయినప్పుడు ఏ ప్రధానీ మారలేదు. అంతకు కొద్ది రోజుల ముందు జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీని 0.25 శాతానికి పెంచింది, అమెరికాలో ఉద్యోగాల లెక్కలు నిరాశపరిచాయి, అంతే. 1989 నాటి 38,915 పాయింట్ల గరిష్ఠాన్ని నిక్కీ 34 ఏళ్ల తరువాత, 2024 ఫిబ్రవరిలో, దాటినది కూడా ప్రజాదరణ బాగా అడుగంటిన ఫుమియో కిషిదా హయాంలోనే.

ఇక మీ లెక్కలకు వద్దాం. 2020 మధ్యలో యెన్ సుమారు 70 పైసలు. మీరు 3 లక్షల యెన్లు పంపితే 2 లక్షల 10 వేల రూపాయలు వచ్చేవి. 2024 జులైలో యెన్ 52 పైసలకు పడినప్పుడు అవే 3 లక్షల యెన్లకు వచ్చినవి లక్షా 56 వేలు. తేడా 54 వేలు, మీ నెల ఈఎంఐ కంటే ఎక్కువ. జీతం యెన్లలో, అప్పు రూపాయల్లో ఉండడమే మీ అసలు బలహీనత. ఆ అప్పు మీద 8.4 శాతం కడుతూ, సాధారణ ఖాతాలో 80 లక్షలు ఉంచుకున్నారు; 2025 నాటి 0.2 శాతం వడ్డీకి, పన్నుకు ముందు ఏడాదికి వచ్చేది 16 వేల యెన్లు. (0.001 శాతం వడ్డీ ఉన్న రోజుల్లో ఇదే మొత్తానికి ఏడాదికి 80 యెన్లు వచ్చేవి. దానితో ఒక ఒనిగిరి అన్నపు ముద్ద కూడా రాదు.) 2022 నుంచి 2025 వరకు అక్కడ ధరలు ఏటా 2 శాతానికి మించి పెరిగాయి. 2025లో అయిదు కిలోల బియ్యం సంచి 4 వేల యెన్లు దాటిన సంగతి మీ వంటింటికి తెలిసే ఉంటుంది.

నా సలహా ఇది. ఆరు నెలల ఖర్చుకు 20 లక్షల యెన్లు యెన్లలోనే ఉంచండి. మిగిలిన దానిలో 36 లక్షలను నెలకు 3 లక్షల చొప్పున ఏడాదిపాటు పంపి, గృహరుణం అసలులో కొంత తీర్చండి. మారే రేటు రుణాన్ని ముందుగా తీర్చినా వ్యక్తుల దగ్గర బ్యాంకు రుసుము వసూలు చేయకూడదు. యెన్ మళ్లీ 70 పైసలకు వస్తే ఒకేసారి పంపుదామని కూర్చోవద్దు, అది వచ్చినా రాకపోయినా వడ్డీ ఆగదు. చివరి 24 లక్షలు పాప పైచదువుకు కేటాయించి, నీసా ఖాతాలో (లాభాల మీద జపాన్‌లో పన్ను లేని పెట్టుబడి ఖాతా) నెలకు లక్ష యెన్ల సిప్‌గా పెట్టండి. 2024లో మొదలైన కొత్త నీసాలో క్రమానుగత పొదుపు విభాగానికి వార్షిక పరిమితి 12 లక్షల యెన్లే కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. ఫండు మాత్రం ప్రపంచ సూచీది తీసుకోండి. ఉద్యోగమూ జీతమూ జపాన్‌లోనే ఉన్నప్పుడు పొదుపు కూడా జపాన్ షేర్లలోనే ఉండనక్కరలేదు. జపాన్ వదిలేటప్పుడు సాధారణంగా ఈ ఖాతా మూసివేయవలసి వస్తుంది. కాబట్టి భారత నివాసి హోదా రాకముందే యూనిట్లు అమ్ముకోండి. ఆ తరువాత అమ్మితే జపాన్ మినహాయింపు భారత పన్నుకు అడ్డు రాదు.

మీరు అడగలేదు గాని, మరొకటి చెప్పాలి. గత పదేళ్లలో అయిదేళ్లకు మించి జపాన్‌లో నివసించిన విదేశీయుడికి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ పన్ను పరిధిలోకి వస్తుంది. మీకు ఆ గడువు దాటింది. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసులు భారత బ్యాంకులో తెరిచే) డిపాజిట్టు వడ్డీకి, ఫ్లాటు అద్దెకు ఇక్కడి నియమాలు ఏవైనా, అక్కడి రిటర్నులో చూపాలి.

పెన్షన్ విషయంలోనూ తొందరపడవద్దు. తిరిగి వచ్చేవారిలో చాలామంది, కట్టిన చందాకు బదులుగా ఇచ్చే ఏకమొత్తాన్ని తీసేసుకుంటారు. తీసుకున్న క్షణం ఆ సర్వీసు కాలం లెక్కలోంచి పోతుంది. జపాన్ వృద్ధాప్య పెన్షన్‌కు 10 ఏళ్ల చందా చాలు. 2016 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్–జపాన్ సామాజిక భద్రతా ఒప్పందం ప్రకారం మీరు ఇక్కడ ఈపీఎఫ్ కట్టిన సంవత్సరాలను కూడా ఆ అర్హతకు కలుపుకోవచ్చు. ఆరేళ్లు ఇప్పటికే కట్టారు, మరో నాలుగేళ్లు ఉంటానంటున్నారు. ఏకమొత్తానికి దేశం వదిలిన తరువాత రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, ఈలోగా మీ పాత ఈపీఎఫ్ సర్వీసు వివరాలు తెప్పించుకుని చూసుకున్నాకే సంతకం పెట్టండి.