బస్సెక్కితే గుండె దడ… దిగితే మామూలే!

ప్రశ్న: నాకు 39 ఏళ్ళు. ఒంగోలు నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఒక పల్లెలో ప్రైమరీ స్కూల్ టీచర్‌గా పనిచేస్తున్నాను. స్కూళ్ళు తెరిచిన కొత్తలో ఒకరోజు బస్సులో ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, వేళ్ళు తిమ్మిర్లు. చచ్చిపోతాననిపించి మధ్యలోనే దిగేశాను. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు టెన్షన్ తగ్గించుకోమన్నారు. యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చేయలేదంటూ స్కూల్ వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదింటికి కూడా మెసేజీలు. ఫోన్ మోగితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. ఇప్పుడు మా ఆయనే బండి మీద దింపుతున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన కంగారు తగ్గించే మాత్ర ఆల్‌ప్రాజోలామ్ రెండు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్నాను. మానసిక వైద్యుల దగ్గరకెళితే సర్వీస్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుందేమోనని భయం.
– ఓ సోదరి, ఒంగోలు

జవాబు: టెన్షన్‌కి ఫ్యాన్‌లా రెగ్యులేటర్ ఉంటే మీరే తిప్పుకునేవారు కదమ్మా! ఆ సలహా పక్కన పెట్టండి.

చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్నిబట్టి ఇది పానిక్ అటాక్‌లాగే ఉంది. భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. కంగారులో గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, గాలి చాలడం లేదనిపిస్తుంది. పక్కనున్నవాళ్ళు ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అంటారు చూడండి, అది చేస్తే ఇంకా ఎక్కువవుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి.

ఈ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. మీరు సీట్లోనే కూర్చున్నా తగ్గేదే. కానీ దిగేశాక తగ్గింది కాబట్టి, ‘దిగినందువల్లే బతికాను’ అని మీ మనసు రాసిపెట్టుకుంది. మీవారి బండి ఆ రాతను రోజూ ఇంకా గట్టిపరుస్తోంది. ఆయన ప్రేమతోనే చేస్తున్నారు, కాదనను. అయినా ఆ బండి ఆగాలి. ఒక ఆదివారం రద్దీ లేని బస్సులో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు స్టాపులు వెళ్ళండి. దడ వస్తుంది, రానివ్వండి. తగ్గేదాకా దిగకపోవడమే అసలు పని. అలవాటయ్యాక ఆయన వెనక సీట్లోకి మారాలి, ఆ తర్వాత ఇంట్లోనే ఉండాలి.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది ఆ మాత్ర గురించి. ఆల్‌ప్రాజోలామ్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు షాపువాళ్ళు రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు ఉంచాలి. మీకు చాక్లెట్‌లా చేతిలో పెట్టేశారు! అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రెండు నెలలు రోజూ వాడి హఠాత్తుగా ఆపితే దడ, నిద్రలేమి రెట్టింపై తిరిగొస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ మెల్లమెల్లగా తగ్గించి ఆపుతారు. అవసరమైతే అలవాటు పడిపోయే గుణం లేని వేరే మందు ఇస్తారు. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారం కాస్త కంగారు పెరగొచ్చు కూడా. పనిచేయడం లేదని మళ్ళీ ఆ షాపుకే వెళ్ళకండి.

యాప్‌లు, ఫొటోలు మీ చేతిలో లేవు. గ్రూపు మోత మాత్రం ఉంది. మధ్యాహ్నం భోజనాలు అవగానే అప్‌లోడ్ చేసేసి, రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపును మ్యూట్‌లో పెట్టండి. అత్యవసరమైతే ఫోన్ చేయమని హెడ్‌మాస్టర్ గారికి ముందే చెప్పండి.

మెట్లెక్కేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా రిపోర్టులు నార్మలే కదా అని ఊరుకోకుండా గుండె డాక్టర్‌ను మళ్ళీ కలవండి.

ఇక సర్వీస్ రిజిస్టర్ సంగతి. ఓపీలో చూపించుకున్నంత మాత్రాన ఆ వివరాలు మీ శాఖకు వెళ్ళవు. మీ సమ్మతి లేకుండా మీ జబ్బు వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మెడికల్ లీవ్ పెడితే సర్టిఫికెట్ ఇవ్వాలి గానీ, మీ ఉత్తరం చూస్తే లీవ్ అవసరమనిపించడం లేదు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ దగ్గరకు వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులతోపాటు ఆ మాత్రల షీటు కూడా తీసుకెళ్ళండి, ఎన్ని మిల్లీగ్రాములో దాని మీదే ఉంటుంది.