ఫోన్ లాక్కుంటే తగ్గే బాధ కాదిది

మీ 15 ఏళ్ల అమ్మాయి చేతి మీద గాయాల గుర్తులు చూశారు. తనే చేసుకుందని తెలిసి "ఇంకెప్పుడూ చేయను, అమ్మ మీద ఒట్టు" అనిపించుకున్నారు. కొన్నాళ్లకే మళ్లీ కొత్త గుర్తులు. ఫోన్ లాక్కోవాలా, హాస్టల్లో వేయాలా అని అడిగారు. రెండూ వద్దు. నన్ను పట్టుకున్నది మీరు ఉత్తరం చివర రాసిన మాట: "మా ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు. 18 ఏళ్లుగా నేనే సర్దుకుపోతున్నాను. ఇది కూడా కడుపులోనే పెట్టుకున్నాను."

ముందు అమ్మాయి సంగతి. ఒట్టు వేసి తప్పిందని బాధపడుతున్నారు. కావాలని తప్పలేదమ్మా. భయాన్నీ అవమానాన్నీ పసిగట్టి ఒళ్లంతా అదరగొట్టే అమిగ్డాలా అనే భాగం ఈ వయసు మెదడులో చాలా చురుగ్గా ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే ముందరి భాగం పూర్తిగా ఎదగాలంటే ఇంచుమించు 25 ఏళ్లు రావాలి. పైగా ఇలా గాయపరచుకునే పిల్లల్లో కొందరికి టెన్షన్ వచ్చినప్పుడు పెరగాల్సిన కార్టిసాల్ హార్మోన్ సరిగా పెరగడం లేదని పరిశోధనల్లో తేలింది. ఒత్తిడిని తట్టుకోవడానికి ఒంట్లో ఉండే ఏర్పాటే మొద్దుబారుతోందన్నమాట. గాయం నొప్పి తగ్గుతున్నప్పుడు మనసులోని బాధా కాసేపు తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ కాసేపటి ఊరట కోసమే ఇదంతా. ఆ తర్వాత సిగ్గు, మళ్లీ అదే టెన్షన్. ఇప్పుడు "అమ్మకేమైనా అయితే నా వల్లే" అన్న భయం కూడా దాని నెత్తిన పెట్టారు. ఇవాళే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. రోజూ చేతులు చూపించమని అడగడమూ మానండి. నలుగురూ చూడాలని చేస్తోందన్న అనుమానం కూడా వద్దు. అలాంటి పిల్ల ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని దాచుకోదు.

ఇక మీ ఆయన. ఈ గాయాలకు ఆయనొక్కరే కారణమని నేననను, ఇలాంటివాటి వెనక చాలా ఉంటాయి. కానీ ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఇల్లంతా మూగబోతుందని మీరే రాశారు. కోపం వస్తే అరవడం నాన్న దగ్గర, ఏడుపు వస్తే మింగడం అమ్మ దగ్గర చూస్తూ పెరిగిందా పిల్ల. బాధను మాటల్లో చెప్పుకోవచ్చని చూపించినవాళ్లు ఆ ఇంట్లో లేరు. మీరు దీన్ని సహనం అనుకుంటున్నారు. సంసారంలో సర్దుబాటు ఇద్దరూ చేయాలి. ఒక్కరే 18 ఏళ్లు చేస్తున్నారంటే అది భయపడుతూ బతకడమే, దాన్ని మెచ్చుకోవడం నా వల్ల కాదు. కన్నీళ్లు ఆపుకున్నంత మాత్రాన గుండె దడ తగ్గదని మీకంటే ఎవరికి బాగా తెలుసు?

ఆయనకు చెప్పండి. చెప్పబోతున్నానని ముందు అమ్మాయికి చెప్పి, తను ఇంట్లో లేనప్పుడు మాట్లాడండి. చెయ్యి చేసుకునే మనిషైతే ఒంటరిగా వద్దు, ఆయన మాట వినే పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అరిస్తే అరవనివ్వండి. "దాన్ని ఒక్క మాటన్నా నేను ఊరుకోను" అని మాత్రం గట్టిగా చెప్పండి. తండ్రిగా ఆయనకూ ఒక బాధ్యత ఉంది, దాన్ని ఇన్నాళ్లూ మీరే దాచిపెట్టారు.

తర్వాత ఇద్దరూ కలిసి అమ్మాయిని పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ముంచుకొచ్చే ఉద్వేగాలను తట్టుకోవడం నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్స గురించి అడగండి. దాన్ని రూపొందించిన అమెరికా మనస్తత్వవేత్త మార్షా లైనహన్ యవ్వనంలో తానూ ఇలాగే గాయపరచుకున్నానని 2011లో బయటపెట్టారు. "ఇదీ ఒక బాధేనా" అని పిల్లల మనసును కొట్టిపారేసే ఇంటి వాతావరణం ఎంత చేటు చేస్తుందో ఆమె గట్టిగా చెప్పారు. అందుకే పిల్లలకు ఈ చికిత్స చేసేటప్పుడు తల్లిదండ్రులనూ కూర్చోబెడతారు. ఉద్వేగం ముంచుకొచ్చినప్పుడు ముఖానికి చల్లటి నీళ్లు పట్టించడం, ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలడం లాంటివి అక్కడ నేర్పుతారు. మీరూ నేర్చుకోండి.

ఈలోగా ఒక్క ప్రశ్న మీరు అడగాల్సిందే: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. పదునైన వస్తువులు, మందులు తాళం వేసి, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయన ఇంటికొచ్చేదాకా ఆగకండి.