టైర్ల డబ్బు మిగిల్చుకుందామనుకుంటున్న తమ్ముడికి

దసరాకు విజయవాడ వచ్చి పటమటలో అమ్మ దగ్గర ఉన్నాను. నిన్న గుంటూరు అరండల్‌పేట నుంచి మీ నాన్నగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నువ్వు ఆగస్టులో కెనడాలోని బ్రాంప్టన్‌లో దిగావని, పాత కారు కొన్నావని చెప్పారు. "నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయంటున్నాడు బాబూ. మళ్లీ చలికాలానికి వేరే టైర్లు కొనాలా? పోనీ, ముందు రెండు చక్రాలకు వేయిస్తే సరిపోదా?" అని అడిగారు. ఫ్యాను కింద కూర్చుని కూడా చెమట తుడుచుకుంటున్న మనిషికి మంచు మీద కారు సంగతి ఎంత చెప్పినా ఎక్కదు. అందుకే నీకే రాస్తున్నాను. ఆయన బెంగంతా డబ్బు గురించే. పదహారేళ్లుగా అక్కడ సంసారం నడుపుతున్న నా బెంగా అదే. కాబట్టి డబ్బు లెక్కలోనే చెబుతాను.

నేను ఆటోనగర్ పక్కన పెరిగినవాణ్ణి. మా బాబాయికి అక్కడ లారీల షెడ్డు ఉండేది. పదో తరగతికే టైరు విప్పి బిగించడం వచ్చు. కారు గురించి నాకు ఒకరు చెప్పేదేముంది అనే ధీమాతో కెనడా వెళ్లాను. ఆ ధీమాకు మొదటి చలికాలమే మూల్యం చెల్లించాను.

అక్టోబరులో వైపర్ నీళ్లు అయిపోయాయి. అక్కడ నీలం రంగు ద్రవం డబ్బాల్లో అమ్ముతారు, అప్పట్లో 4 డాలర్లు. నీళ్లకు కూడా డబ్బులా అనుకుని, మన షెడ్డులో చేసినట్టే కుళాయి నీళ్లలో కాస్త షాంపూ కలిపి పోశాను. డిసెంబరులో ఒక ఉదయం 401 హైవే మీద వెళుతుంటే ముందు లారీ చక్రాలు ఉప్పు, మంచు కలిసిన బురదను నా అద్దం మీదికి దోసెడు పట్టి కొట్టినట్టు కొట్టాయి. మీట నొక్కితే మోటారు మూలిగింది గానీ చుక్క రాలేదు. వైపర్లు ఆ బురదనే అటూ ఇటూ పులిమాయి. అద్దమంతా సున్నం వేసినట్టు తెల్లబడింది. పక్క కిటికీ దించి, తల బయటపెట్టి, దారి చూసుకుంటూ కారును రోడ్డు వారకు చేర్చాను. నీళ్లు గడ్డకట్టి డబ్బా పగిలింది, చిన్న మోటారు కాలిపోయింది. 240 డాలర్లు కట్టాను. మైనస్ 40 వరకు గడ్డకట్టదని డబ్బా మీద రాసి ఉన్న ద్రవమే పోయించు. ఇంకో డబ్బా డిక్కీలో పెట్టుకో.

ఇక టైర్లు. చలికాలానికి వేసేవాటిని అక్కడ వింటర్ టైర్లు అంటారు. రిమ్ములతో కలిపి నాలుగింటికి 800 డాలర్లు అన్నారు. నేను దాన్ని వెంటనే రూపాయల్లోకి మార్చాను. అప్పటి లెక్కన 36 వేలు, పటమటలో మా వాళ్లు కట్టే ఆరు నెలల ఇంటి అద్దె. మనసొప్పలేదు. కారుతో వచ్చిన టైర్లకు అరుగుదల లేదు, పైగా వాటి పేరే ఆల్ సీజన్. అన్ని కాలాలకూ అంటే చలికాలానికి కూడా అనే కదా అనుకున్నాను.

ఆ సంక్రాంతికి కిచెనర్ అనే ఊళ్లో ఒక తెలుగువాళ్లింటికి బయలుదేరాం. వెనక సీట్లో అరిసెల డబ్బా. సిగ్నల్ దగ్గర ముందు కారు ఆగింది. నేను వెళుతున్నది 40 కిలోమీటర్ల వేగంలోనే. చాలా ముందే బ్రేకు తొక్కాను. కాలి కింద పెడలు గడగడ కొట్టుకుంది. ఏదో విరిగిపోతోందనుకుని కాలు తీసేశాను. అది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోయి జారకుండా బ్రేకును వదిలి వదిలి పట్టే ఏర్పాటు, తన పని తాను చేస్తున్న చప్పుడని నాకు తెలియదు. ఆ చప్పుడు వచ్చినా కాలు తీయకూడదు, ఇంకా గట్టిగా తొక్కి పట్టాలి. కారు నూనె రాసిన బండ మీద జారినట్టు నిదానంగా వెళ్లి ముందు కారును గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అరిసెలు మాత్రం ముందు సీట్ల కిందకు దొర్లాయి.

వెనక నుంచి గుద్దాను కాబట్టి తప్పు నాదే అయింది. బీసెంట్ రోడ్డులో కొని తీసుకెళ్లిన ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఆ పేజీ ఇలా ఉంటుంది: బీమాలో నా వంతు 500, కారు లాక్కెళ్లినందుకు 180, పెరిగిన బీమా నెలకు 90 చొప్పున నాలుగేళ్లకు 4,320. మొత్తం 5,000 డాలర్లు. 800 మిగిల్చినందుకు ఇది. అసలే కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ బీమా ఎక్కువ. దాని మీద ప్రమాదం కూడా పడితే ఆ నెలసరి కట్టలేక అప్పు చేయాల్సివస్తుంది. నేను చేశాను.

ధనుర్మాసంలో తెల్లవారుజామున కొబ్బరినూనె గడ్డకడితే మీ అమ్మగారు సీసాను ఎండలో పెట్టడం చూసే ఉంటావు. మామూలు టైరు రబ్బరు కూడా 7 డిగ్రీల కింద బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోవడం తగ్గుతుంది. మంచు పడకపోయినా అంతే. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంటేనే కొను. రెండు వేయిస్తే చాలదు, నాలుగూ వేయాలి. ముందు రెండే పట్టుగా ఉంటే మలుపులో కారు వెనక భాగం బొంగరంలా తిరుగుతుంది. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే కారు (ఆల్ వీల్ డ్రైవ్) ఉందని ధైర్యపడేవాళ్లను చూశాను. అది బయలుదేరడానికి సాయపడుతుంది గానీ ఆగడానికి కాదు.

ఇప్పుడు నా లెక్క విను. వింటర్ టైర్లు తిరిగే నాలుగైదు నెలలూ నీ మామూలు టైర్లు అరగకుండా పడుంటాయి. రెండు జతలూ ఎక్కువ ఏళ్లు వస్తాయి, కాబట్టి ఖర్చు రెట్టింపు కాదు. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2016 నుంచి వింటర్ టైర్లు వేసినవాళ్లకు బీమాలో తగ్గింపు ఇవ్వాల్సిందే. నువ్వు అడగకపోతే చాలామంది చెప్పరు. పాతవి దొరికితే అవీ మంచివే. టైరు మీద నాలుగంకెలు చూడు: 3521 అంటే 2021లో 35వ వారం తయారైంది. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు దగ్గరపడితే ఎంత చవకైనా వద్దు. పక్క రాష్ట్రం క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఇవి తప్పనిసరి. మిగతా నిబంధనలు నువ్వే చూసుకో, చదువుకున్నవాడివి.

గాలి సంగతి కూడా మనవాళ్లకు తలకిందులుగా అర్థమవుతుంది. ఎండలకు టైరు పేలుతుందని ఇక్కడ గాలి తగ్గించి పట్టిస్తాం. అక్కడ చలికి గాలి తనంత తానే తగ్గుతుంది, సుమారు 5 డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున. సెప్టెంబరులో పట్టించిన గాలి జనవరికి ఆరేడు పాయింట్లు పడిపోతుంది. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఎంత రాసి ఉందో అంత, నెలకోసారి, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు చూసుకో.

బ్యాటరీకి మూడేళ్లు దాటితే పరీక్ష చేయించు. మైనస్ 18 దగ్గర దాని శక్తి దాదాపు సగమే. తెల్లవారి డ్యూటీకి వెళ్లే వేళకు సెల్ఫ్ అందుకోకపోతే ఆ రోజు జీతం పోయినట్టే. పెట్రోలు సగం ట్యాంకు కిందకు దిగనివ్వకు. డిక్కీలో పార, దుప్పటి, జంపర్ కేబుళ్లు, టార్చి ఉంచు. అద్దం మీద మంచును వేడినీళ్లతో కడగకు, పగులుతుంది. గీకే బద్దతోనే తీయి.

డబ్బు లెక్కకు అందనిది ఒక్కటుంది. మూసిన గ్యారేజీలో ఇంజను వేడిచేయకు. మంచులో ఇరుక్కుని ఇంజను ఆన్ చేసి కూర్చోవాల్సివస్తే ముందు దిగి వెనక పొగగొట్టం చుట్టూ మంచు తవ్వు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

మొదటి మంచు పడ్డాక టైర్ల షాపుల్లో వారాల తరబడి ఖాళీ దొరకదు, ధరలూ దిగవు. ఈ శనివారమే ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకో. రసీదు పారేయకు, బీమా తగ్గింపుకు అడుగుతారు.